జగిత్యాల సభ: పల్లె నోరు విప్పిన రోజు

1978 సెప్టెంబరు 7న జగిత్యాల పట్నానికి చుట్టుపట్ల పల్లెల నుంచి రైతుకూలీలు వేలాదిగా తరలివచ్చారు. ఆ ఊరేగింపునకు, సభకు ‘జగిత్యాల జైత్రయాత్ర’ అని పేరు నిలిచిపోయింది. వచ్చిన జనం ఎందరని నేటికీ లెక్కలు కడుతుంటారు. అంతకన్నా పెద్ద సంగతి ఒకటుంది. తరతరాలుగా తలవంచుకు బతికినవాళ్లు నలుగురిలో నిలబడి తమ బాధ తామే చెప్పుకున్నారు.

అంతకు ముందు పల్లెలో మాట ఎవరిది? జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో దొర గడీ ముందటనే పంచాయితి. ఫిర్యాదు వినేదీ, తీర్పు చెప్పేదీ, దండుగు గుంజేదీ ఆయనే. కూలివాడు ‘నీ బాంచెన్ దొరా’ అనాలె తప్ప ‘ఇదేం న్యాయం?’ అని అడుగరాదు. చేతివృత్తులవాళ్లు వెట్టి చెయ్యాలె. జీతగాడు తీరని అప్పు కింద ఏండ్లకేండ్లు అరిగిపోవాలె.

1977లో ఎమర్జెన్సీ తొలగినాక పరిస్థితి మారింది. 1978 వేసవిలో విప్లవ విద్యార్థులు, యువకులు పల్లెబాట పట్టారు. ఊరూరా రైతుకూలీ సంఘాలు లేచాయి. కైకిలి రేటెంత, వెట్టి ఎందుకు, బంజరు భూమి ఎవరిది, కట్టిన దండుగులు వాపసు ఎప్పుడు అనే ప్రశ్నలు సంఘం సమావేశాల్లో చర్చకు వచ్చాయి. జగిత్యాల సభ ఆ చర్చలకు పట్నం నడిబొడ్డున ఎత్తిన గొంతు.

వాళ్లడిగినవి గొంతెమ్మ కోరికలేమీ కావు. వెట్టిని రాజ్యాంగం 23వ అధికరణమే నిషేధించింది. వెట్టిచాకిరి రద్దు చట్టం 1976లో వచ్చింది. కనీస వేతనాల చట్టం 1948 నాటిది. అది 30 ఏండ్లయినా పొలంగట్టు దాకా రాలేదు. అదే 1948లో మద్రాసు రాష్ట్రంలో పుట్టిన అల్లర్ల అణచివేత చట్టం మాత్రం సభ జరిగిన రెండు నెలలలోపే పల్లెకు చేరింది! 1978 అక్టోబరులో చెన్నారెడ్డి ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. అయిదుగురు గాని, అంతకు మించి గాని గుమిగూడరాదన్న ఉత్తర్వును మీరితే, హెచ్చరించి కాల్పులు జరిపే అధికారం సబ్ ఇన్‌స్పెక్టరుకు సైతం దక్కింది.

బహిరంగంగా మాట్లాడే తావు మూసేస్తే సమస్య మాయమవుతుందా? అది అడవిదారి పట్టింది. ఆ తర్వాతి ఏండ్లలో పల్లె యువకులు, పోలీసులు, ఏ పక్షానా లేని సామాన్యులు ఎందరో నేలకొరిగారు. చివరకు 2004 అక్టోబరులో, ఎస్.ఆర్. శంకరన్ నాయకత్వంలోని పౌర స్పందన వేదిక చొరవతో, ప్రభుత్వమూ నక్సలైట్లూ హైదరాబాదులో ఎదురెదురుగా కూర్చున్నారు. అక్కడా ముందుకొచ్చింది భూమి సమస్యే. 1978లో బహిరంగంగా వినదగిన మాటను వినడానికి 26 ఏండ్లు పట్టింది. ఆ చర్చలు కూడా 2005 జనవరి నాటికి తెగిపోయాయి.

సభలను క్రమబద్ధం చేయవచ్చు గాని, బహిరంగ స్థలాల్లో సభలే లేకుండా చేసే అధికారం ప్రభుత్వానికి లేదని 1972లోనే సుప్రీంకోర్టు తేల్చింది. అయినా కౌలురైతులు, బీడీ కార్మికులు, మరమగ్గాల కార్మికులు సభ పెట్టుకుంటామంటే అనుమతి కాగితం కోసం తిరగాల్సిందేనా?

సభకు పోవుడంటే లారీ ఎక్కి, చప్పట్లు కొట్టి, వచ్చుడు కాదు. అడగాలె, వినాలె, కాదన్నవానికి నెమ్మదిగా జవాబు చెప్పాలె. పాలకులు ఆ జవాబు వినేదాకా కూర్చోవాలె.