గోదాలో నాటకం – నిజమైన దెబ్బ

టి.వి.లో కుస్తీ చూస్తున్న కుర్రవాణ్ణి చూసి "అదంతా ఉత్తుత్తిదేరా!" అని పెద్దవాళ్లు అనని ఇల్లు లేదు. "కాదు, నిజమే!" అని వాడు పంతం పట్టని ఇల్లూ లేదు. ఈ తగవులో ఇద్దరి మాటా సగమే సరైనదని నా అభిప్రాయం. ఆ తక్కిన సగమేమిటో, కొన్ని పాత ప్రదర్శనలను జ్ఞాపకం చేసుకొంటూ మిత్రులకు చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

బలాన్ని టిక్కెట్టు పెట్టి చూపడం మనకు కొత్తేమీ కాదు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తినాయుడుగారు ఛాతీమీద ఏనుగును నిలబెట్టుకొని, ఒంటికి చుట్టిన గొలుసులు తెంచి, సర్కసు డేరాల్లో జనాన్ని అబ్బురపరచి 'కలియుగ భీముడు' అనిపించుకొన్నారు. ఇక అసలైన కుస్తీ సంగతి చూద్దాం. 1910 సెప్టెంబరు 10న లండనులో మన గామా పహిల్వాను, పోలండు మల్లుడు జిబిస్కో తలపడ్డారు. గామా దెబ్బకు జిబిస్కో బోర్లాపడి నేలను కరచుకొన్నాడు. సుమారు మూడుగంటలు గడిచినా లేవలేదు! చివరకు సమానమన్నారు. నిజమైన కుస్తీ చాలాసార్లు ఇలాగే సాగుతుంది. డబ్బిచ్చి వచ్చిన ప్రేక్షకుడు ఎంతసేపని కూర్చుంటాడు? అందుకే 1920ల నాటికి అమెరికాలో నిర్వాహకులు ఎవరు గెలవాలో ముందుగా నిర్ణయించి, వేగమూ కథా చేర్చి, కుస్తీని ప్రదర్శనగా మార్చేశారు. మన తాతల కాలంలో స్టేడియాలు నింపిన దారాసింగ్, కింగ్ కాంగ్ కుస్తీలు కూడా ఈ వృత్తి కుస్తీ కోవలోవే. బలశాలిని "వీడు దారాసింగురా" అనడం మన ఊళ్లలో నేటికీ వినిపిస్తుంది.

తరువాత వచ్చింది 'పే పర్ వ్యూ' పద్ధతి. అంటే నెల చందా కాక, ఒక్కొక్క పెద్ద ప్రదర్శనకు విడిగా సొమ్ము కట్టి ఇంట్లో టి.వి.లో చూడడమన్నమాట. 1985 మార్చి 31న న్యూయార్కులో జరిగిన మొదటి రెజిల్‌మేనియాను ఎక్కువమంది హాళ్లలో తెరలమీద చూశారు. ఆపైన క్రమంగా ఈ వ్యాపారం ఇళ్లకు చేరింది. మనదేశంలో ఆ బాధ లేదు. కేబుల్ బిల్లులోనే అన్నీ వచ్చేవి. నేను తిరువూరులో చదువుకొనే రోజుల్లో క్లాసులో వెనకబెంచీల మీద కుస్తీవీరుల కార్డులాట జోరుగా సాగేది. ఎవడి ఎత్తెంత, బరువెంత, ఛాతీ ఎంత అన్నీ కంఠతా వచ్చేవి. పాఠాలు మాత్రం వచ్చేవి కావు!

ఈ ప్రదర్శన పనిచేసే తీరు తెలియాలంటే మన పౌరాణిక నాటకం చూస్తే చాలు. దుర్యోధనుడు పడిపోతాడని తెలియని వారెవరు? అయినా తెల్లవార్లూ కూర్చుంటాం. గోదాలో కూడా నాయకుడూ, ప్రతినాయకుడూ ఉంటారు. పట్టు పట్టినప్పుడు తరువాతి ఎత్తేమిటో చెవిలో చెప్పుకొంటారు. రిఫరీ ఆ కబురు అటూ ఇటూ అందిస్తాడు. పడేవాడు గడ్డం ఛాతీకి అదిమి, వీపు మొత్తం ఒకేసారి నేలకు తగిలేలా పడతాడు. అలా పడితే దెబ్బ ఒకేచోట కాక ఒళ్లంతా పంచుకొంటుంది. కాని కింద ఉండేది పరుపు కాదు. ఇనుపదూలాలు, వాటిమీద చెక్కలు, పైన పలుచని మెత్త, ఒక గుడ్డ. గెలుపు కల్పితం, ఆ నేల కల్పితం కాదు.

1987 మార్చి 29న పాంటియాక్‌లో జరిగిన మూడవ రెజిల్‌మేనియా చూడండి. హల్క్ హోగన్ అంతటి ఆండ్రే ది జయంట్‌ను ఎత్తి కుదేశాడు. ఆండ్రే బరువు 520 పౌనులని ప్రకటించారు. ప్రేక్షకులు 93,173 మంది అన్నారు. ఆ లెక్కమీద వాదాలున్నాయి. లోకమంతా హోగన్ కండలను మెచ్చుకొంది. కాని అప్పటికి ఆండ్రే వెన్నుకు శస్త్రచికిత్స జరిగి ఉంది. దుస్తుల కింద పట్టీ బిగించుకొని గోదాలోకి దిగాడు. తనంతట తాను సహకరించకపోతే ఆయనను ఎత్తడం ఎవరి తరం? ఆ నొప్పితో పడడానికి ఒప్పుకొని, హోగన్‌కు కీర్తి తెచ్చినవాడు ఆండ్రే. ఈ విద్యలో గెలిచేవాణ్ణి గొప్పవాణ్ణి చేసేది పడేవాడే. ఆండ్రే 1993లో 46 ఏళ్లకే కన్నుమూశాడు.

1998 జూన్ 28న పిట్స్‌బర్గ్‌లో అండర్‌టేకర్, మిక్ ఫోలీని సుమారు 16 అడుగుల పంజరం పైనుంచి కిందనున్న బల్లమీదికి విసిరాడు. అది అనుకొని చేసినది. తిరిగి పైకెక్కిన ఫోలీని రెండవసారి కుదేసినప్పుడు పంజరం కప్పే ఊడి, లోపలికి పడిపోయాడు. అది ఎవరూ అనుకోనిది. పన్ను ఊడినా ఆట పూర్తిచేశాడు. మేము ఈలలు వేశాం.

ఆ మరుసటి ఏడు 1999 మే 23న కాన్సస్ సిటీలో ఓవెన్ హార్ట్ అనే మల్లుణ్ణి హాలు కప్పునుంచి తాడుతో దించబోతుండగా కొక్కెం ముందే ఊడి, గోదామీద పడి చనిపోయాడు. వయస్సు 34. ప్రదర్శన మాత్రం ఆగలేదు! హాలులో కూర్చున్న వారికి ఆ మరణవార్త చెప్పనైనా లేదు.

ఇక్కడే మనం ఆలోచించవలసిన విషయముంది. 1989లోనే నిర్వాహక సంస్థ న్యూజెర్సీ శాసనకర్తల ముందు "ఇది క్రీడ కాదు, వినోదమే" అని స్వయంగా ఒప్పుకొంది. క్రీడలకు వర్తించే లైసెన్సు, పన్నుల బాదరబందీ తప్పించుకోవడం అందులోని కిటుకు. మల్లులను ఉద్యోగులుగా కాక విడి కాంట్రాక్టుదార్లుగా లెక్కగట్టే పద్ధతి కూడా ఈ రంగంలో నాటుకొంది. అంటే 'ఉత్తుత్తిదే' అనే మాట మన ఇంట్లో వేళాకోళం. వ్యాపారికి అది లాభం. పడేవాడికి మాత్రం రక్షణ లేకపోవడం.

2023 సెప్టెంబరు 8న ఈ ప్రదర్శన హైదరాబాదు గచ్చిబౌలి ఇండోర్ స్టేడియానికి కూడా వచ్చింది. జాన్ సీనా దిగగానే జనం గొంతు చించుకొన్నారు. కేరింతలు కొట్టడంలో తప్పు లేదు. నాటకానికి చప్పట్లు కొట్టమా ఏమిటి? అయితే సోదర విద్యార్థులకు రెండు మనవులు. ఏళ్లతరబడి పడడం నేర్చినవారికే ఎముకలు విరుగుతున్నాయి గనుక, హాస్టలు మంచాలమీద ఆ ఎత్తులు వేయకండి. రెండవది, ఈసారి చూసేటప్పుడు గెలిచినవాడి చేయి పైకెత్తాక, కింద పడినవాడు ఎలా లేస్తున్నాడో ఒక్క క్షణం గమనించండి. ఆ సాయంత్రపు కష్టంలో పెద్దవాటా అతనిదే.