మాత్ర ఒక్కటే - మందులు రెండు

విశాఖపట్నంవారికి పోటు సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. సముద్రపు పోటు కంటికి కనిపిస్తుంది, చెవికి వినిపిస్తుంది. రక్తపు పోటుకు ఆ మర్యాద లేదు. చాలామందికి తలనొప్పి కూడా రానివ్వకుండా, చప్పుడు చేయకుండా, గుండెను, మూత్రపిండాలను, మెదడులోని రక్తనాళాలను దెబ్బతీస్తుంది. దాని వైద్యంలో మొదటి చిక్కు కూడా ఇక్కడే వున్నది. బాధ పెట్టని జబ్బుకు రోజూ మందు మింగాలంటే ఎవరికి గుర్తుంటుంది?

ఈ చిక్కు విప్పడానికి వచ్చినవే జంటమందుల మాత్రలు. ఒకే మందును మోతాదు పెంచుకుంటూ పోతే పోటు తగ్గేది కొంచెమే, దుష్ఫలితాలు మాత్రం పెరుగుతాయి. అదే, వేరువేరు దారుల్లో పనిచేసే రెండు మందులను తక్కువ మోతాదుల్లో కలిపితే ఫలితం బాగుంటుంది. టెల్మిసార్టాన్, ఆమ్లోడిపిన్ కలిసిన మాత్రలో రెండూ రెండు పద్ధతుల్లో రక్తనాళాల బిగువును సడలిస్తాయి. టెల్మిసార్టాన్‌తో హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర అయితే, ఆ రెండోది ఒంట్లోని ఉప్పును, నీటిని మూత్రంలోనికి పంపుతుంది. ఇటువంటి జంటలను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో అత్యవసర ఔషధాల పట్టికలో చేర్చింది.

ఒక్క మాత్రగా ఇస్తే రోగులు మానకుండా వాడతారా? ఈ సందేహం తీర్చిన పరిశోధనలో మన తెలుగుగడ్డకూ పాలున్నది. హైదరాబాదులోని డాక్టర్ రెడ్డీస్ సంస్థ తయారుచేసిన మాత్రలతో, మన దేశంలోనూ ఐరోపాలోనూ కలిపి రెండువేలమందికి పైగా రోగులమీద ఒక పరీక్ష జరిగింది. ఆ మాత్రలో రక్తపు పోటు మందులతోపాటు ఆస్పిరిన్, కొలెస్టరాల్ తగ్గించే మందు కూడా వున్నవి. 2013లో ఫలితాలు ప్రకటించారు. విడివిడి మందులు వాడేవారిలో నూటికి 65 మంది క్రమం తప్పకుండా వుంటే, ఒకే మాత్ర వాడినవారిలో 86 మంది వున్నారు. కనుక ఇది మంచి ఏర్పాటే. సందేహం లేదు.

కాని సౌకర్యం వెంటే మరపు వస్తుంది. మాత్ర ఒక్కటి కావడంతో, అందులో మందు కూడా ఒక్కటే అనుకుంటాం. తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి కనుక నా భాషలో చెబుతాను. ఈ మాత్ర ద్వంద్వసమాసం వంటిది. "రామలక్ష్మణులు" అని ఒక్క మాటగా పలికినా, విగ్రహవాక్యం చెబితే "రాముడును, లక్ష్మణుడును" అని ఇద్దరూ బయటికి వస్తారు. మాత్ర కొన్నప్పుడు కూడా అట్టమీద పెద్దగా మెరిసే కంపెనీ పేరుతో తృప్తిపడక, విగ్రహవాక్యం చదవాలి. లోపలి మందుల పేర్లు, ఒక్కొక్కటి ఎన్ని మిల్లీగ్రాములో అట్టమీద వుంటాయి.

ఇది చదవకపోతే వచ్చే ముప్పు ఊహించండి. గోపాలపట్నం వంటి చోట ఒక ఇంట్లో రైల్వే ఉద్యోగి వుంటాడు, పక్కింట్లో పోర్టువారు, ఎదురింట్లో ఉక్కు కర్మాగారంవారు. ఎవరి ఆసుపత్రి వారికున్నది. అది చాలక దగ్గరలోని డాక్టరుగారి దగ్గరకూ వెళతారు. ఒకచోట ఒక పేరుతో జంటమాత్ర రాస్తారు. రెండోచోట, పాత చీటీ చూపించకపోతే, మరో పేరుతో ఆమ్లోడిపిన్ రాస్తారు. పేర్లు వేరు, రంగులు వేరు. రోగి రెండూ శ్రద్ధగా మింగుతాడు. కాళ్లు వాస్తాయి, లేచి నిలబడితే కళ్లు తిరుగుతాయి. రాత్రివేళ స్నానాలగదిలో పడితే తుంటి విరుగుతుంది. అందరూ మంచే చేశారు. మందు మాత్రం రెండింతలయింది.

మూలికలు వాడేవారికీ ఇదే మాట. సర్పగంధ వేరుకు రక్తపు పోటు తగ్గించే గుణం వున్నదని బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 1949లో బ్రిటిష్ వైద్య పత్రికలో ప్రకటించి పేరు పొందాడు. గుణం వున్నది కనుకనే అది మందు. డాక్టరుకు చెప్పకుండా దాన్ని కూడా మింగితే మాత్రలో రెండు, వేరుతో మూడు!

ఇక మన ఎండల మాట. గోపాలపట్నానికి సింహాచలం దగ్గరే. ఆషాఢ పౌర్ణమికి అప్పన్న గిరిప్రదక్షిణ అంటే ముప్ఫైరెండు కిలోమీటర్ల నడక. చెమట ధారలు కడుతుంది. లోపల నీటిని బయటికి పంపే మందు తన పని తాను చేస్తూనే వుంటుంది. అటువంటి ప్రయాణానికి ముందు డాక్టరును అడిగి బయలుదేరడం భక్తికి లోటు కాదు. వాంతులు, విరేచనాలు పట్టుకున్నప్పుడు కూడా అదే పని చేయాలి. ఒంట్లో నీరు తగ్గినవేళ ఈ మందులు మూత్రపిండాలకు బరువవుతాయి. ఆ రెండురోజులు ఆపాలో, కొనసాగించాలో ఆయన చెబుతారు.

మోకాళ్ల నొప్పులని దుకాణంలో అడిగి కొనే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ మాత్రలు కూడా తేలికవి కావు. అవి పోటును పెంచుతాయి. టెల్మిసార్టాన్, నీరు తీసే మందు రెండూ వున్న మాత్రకు అవి తోడైతే మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. "ఉప్పు మంచిది కాదు గదా" అని తక్కువ సోడియం ఉప్పు కొనేవారు ఒక సంగతి గమనించాలి. అందులో పొటాషియం వుంటుంది. టెల్మిసార్టాన్ కూడా రక్తంలో పొటాషియాన్ని పెంచగలదు. ఆ ఉప్పు కొనేముందు డాక్టరును అడగడం, ఆవకాయ, ఎండుచేపలు తగ్గించడం క్షేమం. గర్భిణులు, బిడ్డ కావాలనుకునేవారు టెల్మిసార్టాన్ వాడరాదు. బిడ్డకు హాని చేస్తుంది. వారికి వేరే మందులున్నవి.

"పోటు సరిపోయిందండీ, మానేశాను" అనే మాట తరచు వింటాం. సరిపోయింది మందువల్లనే. మానితే మళ్లీ పెరుగుతుంది. జంటలో అటెనలాల్ వంటి మందు వుంటే, హఠాత్తుగా మానడం గుండెకే ప్రమాదం. ఒక పూట మరచిపోతే ఆ రోజే గుర్తొచ్చినప్పుడు వేసుకోవచ్చు. మరుసటి మోతాదు వేళ దగ్గరపడితే వదిలేయాలి. రెండు కలిపి మింగరాదు. నీరు తీసే మందున్న మాత్రను ఉదయం వేసుకుంటే రాత్రి నిద్ర చెడదు. టెల్మిసార్టాన్ మాత్రకు తేమ పడదు. సముద్రపుగాలి వీచే మన ఊళ్లో వారం మాత్రలు ముందే విప్పి డబ్బాలో పోసుకోక, అట్టలోనుంచి ఏ రోజుది ఆ రోజు తీసుకోవాలి.

మందు మొదలుపెట్టిన కొన్ని వారాలకు క్రియాటినిన్, సోడియం, పొటాషియం పరీక్షలు చేయించాలి. పోటు చూపించుకునే ముందు అయిదు నిమిషాలు నెమ్మదిగా కూర్చోవాలి. అంతకు అరగంట ముందునుంచి కాఫీ, చుట్ట వద్దు. పెదవులు, ముఖం, నాలుక వాచినా, మాట తడబడినా, ఒక పక్క చేయి పడిపోయినా ఇరుగుపొరుగు సలహాలకు కూర్చోక వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

చివరగా ఒక చిన్న పని. ఈ పత్రిక పక్కన పెట్టి మీ ఇంట్లోని మందుల అట్టలు తీయండి. ఒక చిన్న కాగితంమీద ప్రతి మందు అసలు పేరు, మోతాదు తెలుగులోనే రాయండి. ఏ పేరైనా రెండుసార్లు వచ్చిందా చూడండి. వస్తే మీరే ఏదీ మానేయక, ఆ కాగితం డాక్టరుగారికి చూపండి. రాకపోయినా దాన్ని జేబులో వుంచండి. ఏ ఆసుపత్రికి వెళ్లినా మొదట అడగబోయేది అదే.