పెట్రోలు ధర పెరిగినప్పుడు: ఊళ్లో మీ మోటారు సైకిలు ఖర్చు, ఇక్కడ మీ జాగ్రత్తలు

జురాంగ్ ఈస్ట్‌లో తో గువాన్, పెంజురు ప్రాంతాల డార్మిటరీలలో ఉంటున్న తెలుగు కార్మిక సోదరులకు, ఆ చుట్టుపక్కల ఫ్యాక్టరీలలో, యార్డులలో పని చేస్తున్న వారందరికీ ఈ సమాచారం ఉపయోగపడుతుంది.

ఇక్కడికి వచ్చిన ఒకటి రెండేళ్లలో చాలామంది ఊళ్లో ఇంటికి ఒక మోటారు సైకిలు కొంటారు. బండి నడిపేది తమ్ముడో, బావమరిదో, కొడుకో. పెట్రోలు డబ్బు మాత్రం మీరు పంపే సొమ్ములోంచే పోతుంది. "పంపింది చాలడం లేదు, పెట్రోలు పెరిగింది" అని ఇంటి నుంచి ఫోను వచ్చినప్పుడు గొడవ పడనవసరం లేదు, కళ్లు మూసుకుని ఇంకొంచెం పంపనవసరమూ లేదు. ముందు లెక్క చూడండి.

1. ధర ఎందుకు మారుతుంది?

మన దేశానికి కావలసిన ముడి చమురులో ఎక్కువ భాగం బయటి దేశాల నుంచే కొనాలి. అందుకే ప్రపంచ మార్కెట్‌లో ధర పెరిగినా, డాలరు ముందు రూపాయి పడిపోయినా బంకులో ధర పెరుగుతుంది. దాని మీద కేంద్రం ఎక్సైజ్ సుంకం, రాష్ట్రం వ్యాట్ వేస్తాయి. 2017 జూన్ 16 నుంచి దేశమంతటా ధరను రోజువారీగా సవరించే పద్ధతి వచ్చింది. హైదరాబాదులో 2021 జూన్‌లో లీటరు రూ. 100 దాటింది. 2022 ఏప్రిల్‌లో రూ. 119 దాటింది. అదే సంవత్సరం మే నెలలో కేంద్రం సుంకం తగ్గించాక కొంత దిగింది. సింగపూర్‌లో కూడా 2021 ఫిబ్రవరిలో పెట్రోలు సుంకం పెంచారు.

ఈ ధరలు మీ చేతిలో లేవు. కిలోమీటరుకు ఎంత ఖర్చవుతుందనేది మాత్రం చాలావరకు బండి నడిపేవారి చేతిలోనే ఉంటుంది.

2. మైలేజి ఎలా చూడాలి?

షోరూంలో చెప్పిన మైలేజిని నమ్మి లెక్క వేయకండి. ఇంట్లో వాళ్లకు ఈ పద్ధతి చెప్పండి:

– ట్యాంకు నిండా పెట్రోలు పోయించి, మీటరులో కిలోమీటర్ల అంకె రాసుకోవాలి.
– మామూలుగా వారం రోజులు నడపాలి.
– మళ్లీ అదే బంకులో నిండా పోయించి, ఎన్ని లీటర్లు పట్టిందో చూడాలి.
– తిరిగిన కిలోమీటర్లను ఆ లీటర్లతో భాగిస్తే అసలు మైలేజి వస్తుంది.

ఉదాహరణకు, బండి రోజుకు 30 కిలోమీటర్ల చొప్పున నెలకు 26 రోజులు, అంటే 780 కిలోమీటర్లు తిరుగుతుంది అనుకుందాం.

– మైలేజి 60, ధర రూ. 110 అయితే: 13 లీటర్లు, నెలకు రూ. 1,430.
– మైలేజి 60, ధర రూ. 120 అయితే: నెలకు రూ. 1,560.
– మైలేజి 45కు పడిపోయి, ధర రూ. 110 దగ్గరే ఉంటే: 17 లీటర్ల పైన, నెలకు సుమారు రూ. 1,907.

జాగ్రత్తగా గమనించండి. లీటరుకు పది రూపాయలు పెరిగితే అదనంగా అయ్యేది నెలకు రూ. 130. బండిని పట్టించుకోక మైలేజి పడిపోతే అదనంగా అయ్యేది రూ. 477, సంవత్సరానికి దాదాపు రూ. 5,700. ధర పెరిగిందని అనుకునే ఖర్చులో చాలా భాగం నిజానికి సర్వీసింగు చేయించకపోవడం వల్ల పోయిన డబ్బే కావచ్చు.

3. మైలేజి తగ్గకుండా ఏం చేయాలి?

– టైర్లలో గాలి: వారానికి ఒకసారి, టైర్లు చల్లగా ఉన్నప్పుడు చూపించాలి. గాలి తగ్గితే ఇంజను మీద బరువు పెరుగుతుంది, టైరు కూడా త్వరగా అరుగుతుంది.
– చైను: మట్టి తుడిచి, నూనె వేసి, బిగుతు సరి చూడాలి. మరీ వదులుగా, మరీ బిగుతుగా ఉండకూడదు.
– ఎయిర్ ఫిల్టరు, స్పార్క్ ప్లగ్గు: దుమ్ము రోడ్లలో తిరిగే బండికి ఫిల్టరు త్వరగా మూసుకుపోతుంది.
– బ్రేకులు: స్టాండు వేసి చక్రం చేత్తో తిప్పితే సాఫీగా తిరగాలి. పట్టేస్తుంటే పెట్రోలు వృథా.
– ఇంజను ఆయిలు: కంపెనీ పుస్తకంలో చెప్పిన రకమే, చెప్పిన కిలోమీటర్లకే మార్పించాలి.
– నడిపే తీరు: 40 నుంచి 50 వేగంలో పై గేరులో నిలకడగా పోవాలి. క్లచ్ సగం పట్టుకుని నడపడం, ఊరికే ఎక్సిలేటరు తిప్పడం మానాలి. గేటు దగ్గరో సిగ్నలు దగ్గరో ఎక్కువసేపు ఆగితే ఇంజను ఆపాలి.

2023 నుంచి బంకుల్లో 20 శాతం ఇథనాలు కలిపిన పెట్రోలు రావడం మొదలైంది. లీటరు ఇథనాలులో శక్తి పెట్రోలు కంటే తక్కువ. అందువల్ల పాత బండ్లకు మైలేజి 3–4 శాతం తగ్గవచ్చని 2021లో నీతి ఆయోగ్ నివేదిక అంచనా వేసింది. 60 ఇచ్చే బండి 58 ఇస్తే కంగారు పడవద్దు. 45 ఇస్తే మాత్రం మెకానిక్‌కు చూపించాలి. ఖర్చు తగ్గుతుందని కిరోసిన్ కలపడం ఇంజనును పాడు చేసుకోవడమే.

బంకులో పోయించేటప్పుడు మీటరు సున్నా దగ్గర ఉందో లేదో చూడాలి. కొలత మీద అనుమానం వస్తే, ముద్ర వేసిన 5 లీటర్ల కొలపాత్రతో కొలిచి చూపించమని అడగడం వినియోగదారుని హక్కు.

4. పెట్రోలు కంటే పెద్ద ఖర్చు: ప్రమాదం

ఖర్చు తగ్గించుకోవాలని చాలామంది ముందు ఆపేది ఇన్సూరెన్సు. ఇది చాలా తప్పు. థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు లేకుండా బండి నడిపితే జరిమానాతో పోదు. ఎవరికైనా దెబ్బ తగిలితే నష్టపరిహారం బండి యజమాని కట్టుకోవాలి. ఆర్.సి.లో పేరు మీది అయితే ఆ నోటీసు మీ పేరు మీదే వస్తుంది.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. పాలసీతో పాటు ఇచ్చే రూ. 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా లైసెన్సు ఉన్న యజమానికి వర్తిస్తుంది. మీ పేరు మీద ఉన్న బండిని మీ తమ్ముడు నడిపి పడితే అతనికి ఆ సొమ్ము రాదు. అందువల్ల నడిపేవారికి విడిగా ప్రమాద బీమా ఉండాలి. బ్యాంకు ఖాతా ఉన్న 18 నుంచి 70 ఏళ్ల వారికి ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన ఉంది. 2022 జూన్ నుంచి దీనికి ఏడాదికి రూ. 20 ప్రీమియం, ప్రమాదంలో చనిపోతే రూ. 2 లక్షలు ఇస్తారు.

18 ఏళ్లు నిండని పిల్లల చేతికి బండి ఇవ్వవద్దని ఇంట్లో గట్టిగా చెప్పండి. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం మైనరు బండి నడిపి నేరం జరిగితే సంరక్షకులు లేదా యజమాని బాధ్యులు. మూడేళ్ల వరకు జైలు, రూ. 25,000 జరిమానా పడవచ్చు. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దవుతుంది. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. మీరు సింగపూర్‌లో ఉన్నా, ఇంటి దగ్గర ఉన్న మీ భార్యకు ఈ ఇబ్బంది రావచ్చు.

5. సింగపూర్‌లో మీరు గుర్తుంచుకోవలసినవి

– లైసెన్సు: ఊళ్లో లైసెన్సు ఉంది కదా అని ఇక్కడ స్నేహితుని బండి తీయవద్దు. వర్క్ పర్మిట్ మీద ఉన్నవారు ఉద్యోగంలో భాగంగా బండి నడపాలంటే పర్మిట్ ఇచ్చిన ఆరు నెలల లోపు సింగపూర్ లైసెన్సు తీసుకోవాలి. చెల్లే లైసెన్సు లేకుండా నడిపితే 10,000 డాలర్ల వరకు జరిమానా, మూడేళ్ల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు.

– డెలివరీ పని: "డ్యూటీ అయ్యాక నా బండి, నా అకౌంటు తీసుకుని పార్సిళ్లు వేయి, పెట్రోలు పోను మిగిలింది నీకు" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. మీ వర్క్ పర్మిట్ మీ యజమాని దగ్గర పనికి మాత్రమే. వేరే పని చేస్తే జరిమానా, జైలు రెండింటికీ అవకాశం ఉంది. పర్మిట్ రద్దయి, తిరిగి ఇక్కడ పనికి రాలేని పరిస్థితి రావచ్చు. రెండు మూడు వందల డాలర్ల కోసం మొత్తం ఉద్యోగం పోగొట్టుకోవద్దు.

– బ్యాటరీ సైకిలు: ల్యాండ్ ట్రాన్స్‌పోర్ట్ అథారిటీ దగ్గర రిజిస్టరు అయి, నంబరు ప్లేటు ఉన్నదే వాడాలి. 2022 జనవరి నుంచి నడిపేవారు థియరీ పరీక్ష పాసై ఉండాలి. ఫుట్‌పాత్ మీద నడపకూడదు. గదిలో రాత్రంతా చార్జింగు పెట్టి నిద్రపోవద్దు. బ్యాటరీ అంటుకుంటే గదిలో వాళ్లందరి ప్రాణాలకూ ముప్పే.

– జీతంలో కోత: "డీజిలు పెరిగింది, లారీ ఖర్చు మీరు కట్టాలి" అని కంపెనీ కొత్తగా కోత పెడితే వెంటనే పే స్లిప్పు, ఐ.పి.ఎ. ఉత్తరం పక్కపక్కన పెట్టి చూడండి. మీరు రాతపూర్వకంగా ఒప్పుకోకుండా, మానవ వనరుల మంత్రిత్వ శాఖకు ముందుగా తెలియజేయకుండా యజమాని ఆ ఉత్తరంలో ఉన్న స్థిర జీతం తగ్గించకూడదు, స్థిర కోతలు పెంచకూడదు. అర్థం కాని కాగితం మీద సంతకం పెట్టకండి. పే స్లిప్పులు ఒక్కటి కూడా పారేయకండి.

6. ఈ ఆదివారం ఇంటికి ఫోను చేసినప్పుడు అడగండి

– బండి అసలు మైలేజి ఎంత? నెలకు ఎన్ని కిలోమీటర్లు?
– చివరి సర్వీసింగు ఎప్పుడు చేయించారు?
– ఇన్సూరెన్సు ఏ తేదీ వరకు ఉంది? ఆ కాగితం ఫోటో పంపమనండి.
– బండి ఎవరు నడుపుతున్నారు? లైసెన్సు ఉందా? హెల్మెట్టు పెట్టుకుంటున్నారా?
– బండి మీద లోను ఉంటే ఇంకా ఎన్ని వాయిదాలు మిగిలాయి?

ఈ ఐదింటికీ జవాబు వస్తే నెలకు పెట్రోలుకు ఎంత పంపాలో మీకే తెలుస్తుంది. ఆ మొత్తాన్ని ఇంటి ఖర్చు నుంచి వేరుగా చెప్పి పంపితే మాట పట్టింపులు కూడా తగ్గుతాయి.

జీతం కోత, పర్మిట్, ప్రమాదం వంటి ఇబ్బందులు ఎదురైతే ఏజెంటు చుట్టూ తిరగకుండా మీ పాస్‌పోర్టు కాపీ, వర్క్ పర్మిట్, పే స్లిప్పులతో భారత హైకమిషన్‌కు రండి. తెలుగులో రాసి ఇచ్చినా ఫరవాలేదు. ఆలస్యం చేయకుండా రావడం ముఖ్యం.