వీసీఆర్ చివరి పని

2016 జూలైలో జపాన్‌కు చెందిన ఫునాయ్ కంపెనీ వీసీఆర్ల తయారీ ఆపేసింది. ఒకప్పుడు ఏటా కోటిన్నర దాకా అమ్మిన కంపెనీ, ఆ ముందు ఏడాది అమ్మగలిగింది ఏడున్నర లక్షలే. విడిభాగాలు దొరకడం కూడా కష్టమైపోయింది. వీసీఆర్లు చేస్తున్నవాళ్ళలో ఆఖరివాళ్ళు వీళ్ళే. కాబట్టి ఇవాళ ప్రపంచంలో ఎక్కడ వీసీఆర్ కనిపించినా అది పాతదే. బీరువాలో దాచిన పెళ్ళి క్యాసెట్ ఇంకో పదేళ్ళు బాగానే ఉండొచ్చు. దాన్ని ఆడించే యంత్రం సంగతే అనుమానం.

టేపు మీద బొమ్మ ఉంటుందని చాలామంది అనుకుంటారు. సినిమా రీలును వెలుతురుకు ఎత్తి పడితే బొమ్మ కనిపిస్తుంది. వీడియో టేపును ఎంతసేపు చూసినా గోధుమ రంగు తప్ప ఏమీ కనిపించదు. అందులో ఉన్నవి అయస్కాంతపు గుర్తులు. అవి బొమ్మగా మారాలంటే యంత్రం తిరగాల్సిందే.

బొమ్మకు పాటకంటే కొన్ని వందల రెట్లు ఎక్కువ సమాచారం కావాలి. అంటే ఆ గుర్తులను రాసి, చదివే హెడ్‌కు, టేపుకు మధ్య వేగం విపరీతంగా ఉండాలి. బీబీసీ ఇంజనీర్లు నేరుగా టేపునే పరిగెత్తించి చూశారు. వాళ్ళ ‘వెరా’ యంత్రంలో అర మీటరు వెడల్పున్న రీళ్ళు సెకనుకు 5 మీటర్ల వేగంతో తిరిగేవి. అంత చేసినా పట్టేది పావుగంట కార్యక్రమం. ఆ యంత్రాన్ని 1958లో జనానికి చూపించే నాటికే అది పాతబడిపోయింది. ఎందుకంటే 1956 ఏప్రిల్‌లో అమెరికాలోని యాంపెక్స్ సంస్థ వేరే దారి తొక్కింది. టేపును నింపాదిగా నడిపి, హెడ్లను గిరగిరా తిప్పింది. చార్లెస్ గిన్స్‌బర్గ్ నడిపిన ఆ బృందంలో రే డాల్బీ అనే కుర్రాడు ఉన్నాడు. తర్వాత సినిమా హాళ్ళలో మనం చూసిన డాల్బీ పేరు అతనిదే. యంత్రం ఖరీదు 50,000 డాలర్లు, కొన్నది టీవీ సంస్థలు.

వీడియో యంత్రం ఇళ్ళలోకి వచ్చింది తర్వాత ఇరవై ఏళ్ళకు. 1975లో సోనీ బీటామ్యాక్స్, 1976లో జేవీసీ వాళ్ళ వీహెచ్ఎస్. తొలి బీటా క్యాసెట్‌లో గంట పడితే వీహెచ్ఎస్‌లో రెండు గంటలు పట్టేది. వాటి పోటీ కథ అందరూ చెప్పిందే, వదిలేద్దాం.

యంత్రం లోపల జరిగేదే అసలు ముచ్చట. క్యాసెట్ పెట్టగానే ముందు మూత లేస్తుంది. రెండు చిన్న కడ్డీలు టేపును బయటికి లాగి, 62 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న డ్రమ్‌కు చుడతాయి. డ్రమ్ కాస్త ఒరిగి ఉంటుంది. మన దగ్గర టీవీలకు వాడిన ‘పాల్’ పద్ధతిలో అది సెకనుకు 25 చుట్లు తిరుగుతుంది, దాని అంచున ఎదురెదురుగా రెండు హెడ్లు. ఒక్కో హెడ్ అర చుట్టులో టేపు మీద బెండకాయను ఏటవాలుగా కోసినట్టు ఒక గీత గీస్తుంది. గీత వెడల్పు మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. సెకనుకు 50 గీతలు, ఒక్కోదానిలో సగం బొమ్మ. మూడు గంటల క్యాసెట్‌లో టేపు పొడవు సుమారు 250 మీటర్లు. దాని మీది గీతలన్నీ కలిపి వరసగా పరిస్తే 52 కిలోమీటర్లు దాటతాయి! ట్రాకింగ్ మీట తిప్పితే బొమ్మ మీది చారలు పోయేవి గుర్తుందా? హెడ్‌ను ఆ సన్నటి దారిలోకి తెచ్చే పనే అది.

1982 ఆసియా క్రీడలతో రంగుల టీవీ వచ్చాక, గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్ళ పెట్టెల్లో వీసీఆర్లు దిగాయి. వాటి వెనకే ఆడించడం తప్ప రికార్డు చేయలేని అద్దె వీసీపీలు, పెళ్ళి వీడియోలు. తామరపువ్వు విచ్చుకుంటే అందులోంచి పెళ్ళికూతురు కనిపించే మిక్సింగ్‌ను ఇప్పుడు చూసి నవ్వుతాం గానీ, అప్పుడు దానికి విడిగా డబ్బు తీసుకునేవారు. అమెరికా నుంచి బంధువులు పంపిన క్యాసెట్లతో మరో తంటా. అక్కడిది ఎన్‌టీఎస్‌సీ పద్ధతి, మన మామూలు వీసీపీలో బొమ్మ నిలిచేది కాదు. డిజిటల్‌లోకి మార్పిడికి ఇచ్చే ముందు క్యాసెట్ ఏ దేశానిదో చెప్పడం ఇందుకే అవసరం.

టేపుకు పెద్ద శత్రువు తేమ. పాలిస్టర్ పట్టీకి అయస్కాంత పొడిని అంటించి ఉంచిన జిగురు తేమకు మెల్లగా విరుగుతుంది. పొడి రాలి హెడ్లకు పట్టేస్తుంది. సముద్రతీరపు ఊళ్ళలో బూజు కూడా పడుతుంది. క్యాసెట్ కిటికీలోంచి చూస్తే టేపు చుట్టల మీద తెల్లటి పొడలా కనిపిస్తుంది. అలాంటిదాన్ని వీసీఆర్‌లో పెట్టకండి. ఆ బూజు డ్రమ్‌కు అంటుకుని తర్వాత పెట్టే క్యాసెట్లకూ పాకుతుంది.

ఇక మార్పిడి. అందరూ కంప్యూటర్ గురించి, సాఫ్ట్‌వేర్ గురించి అడుగుతారు. నా లెక్కలో ముప్పావు వంతు పని మంచి వీసీఆర్‌దే. పాత టేపు సాగి ఉంటుంది, మోటారు వేగం రవ్వంత తడబడుతుంది. దాంతో బొమ్మలోని ఒక్కో అడ్డగీత కాస్త ముందో వెనకో మొదలవుతుంది. పాత టీవీ సర్దుకుపోయేది. వీసీఆర్ బొమ్మను కంప్యూటర్‌లోకి ఎక్కించే క్యాప్చర్ కార్డు మాత్రం కొన్ని ఫ్రేములు జారవిడిచి, మాటకూ పెదవికీ పొత్తు లేకుండా చేస్తుంది. టైమ్ బేస్ కరెక్టర్ అనే పరికరం ప్రతి అడ్డగీతనూ కాసేపు మెమరీలో నిలిపి, సరైన క్షణానికి వదులుతుంది. చవక యూఎస్‌బీ క్యాప్చర్ పరికరాల్లో లోపించేది అదే.

డిజిటల్ చేశాక బొమ్మ అడుగున చిరిగినట్టు ఒక పట్టీ కనిపించి కొందరు కంగారుపడతారు. టేపు పాడవలేదు. ఒక హెడ్ పని ముగించి రెండోది అందుకునే చోటు అది. ప్రతి వీహెచ్ఎస్ టేపులోనూ ఉంటుంది, పాత టీవీ చట్రం దాన్ని కప్పేసేది.

మార్పిడి చేసే షాపువాళ్ళను ఒక్కటి అడగండి: సెకనుకు 50 సగం బొమ్మలను అలాగే ఉంచుతున్నారా, 25కు కుదిస్తున్నారా? కుదిస్తే తలంబ్రాలు పోసే చేతుల కదలికలో సగం పోతుంది. అసలు ప్రతిని డీవీ పద్ధతిలో దాస్తే గంటకు 13 గిగాబైట్లు పడుతుంది. ఇప్పటి హార్డ్ డిస్కులకు అదో లెక్క కాదు.

ఈ మధ్య ఔత్సాహికులు ఇంకో అడుగు వేశారు. ‘వీహెచ్ఎస్-డీకోడ్’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో వీసీఆర్ లోపలి వీడియో సర్క్యూట్లను పక్కనపెట్టి, హెడ్ల నుంచి వచ్చే ముడి సంకేతాన్నే నేరుగా భద్రం చేస్తున్నారు. బొమ్మ తీసే పని తర్వాత కంప్యూటర్ చూసుకుంటుంది. సాఫ్ట్‌వేర్ మెరుగైతే అదే ముడి సంకేతం నుంచి మళ్ళీ తీసుకోవచ్చు. కాబట్టి మార్పిడి అయ్యాక క్యాసెట్‌ను పారేయకండి. వెన్ను వైపున్న చిన్న ప్లాస్టిక్ పెచ్చును విరిచేసి పొడిచోట నిలబెట్టి ఉంచండి. పెచ్చు లేకపోతే ఏ వీసీఆర్ కూడా పొరపాటున దానిమీద కొత్తగా రికార్డు చెయ్యదు.