హంద్రీ ఒడ్డున చక్రాల ఇల్లు

కర్నూలు నుంచి ఎమ్మిగనూరు వైపు బయల్దేరి ముప్పై కిలోమీటర్లు దాటాక కోడుమూరు వస్తుంది. హంద్రీ పక్కన ఊరు. మండల కేంద్రం, శాసనసభ నియోజకవర్గానికి పేరిచ్చిన ఊరు. చుట్టూ పత్తి, వేరుశనగ, కంది, ఉల్లి పండే చేలు. ఊరి మీదుగా పోయేవాళ్లు ఎక్కువ, చూద్దామని ఆగేవాళ్లు తక్కువ. మంత్రాలయం పోయే భక్తులకు ఇది దారిలో కనపడే ఒక బోర్డు. ఆదోని మార్కెట్‌కు పత్తి తోలేవాళ్లకు టీ తాగే చోటు.

అలాంటి ఊళ్లో, బెంగళూరు నుంచి వచ్చిన సరికొత్త మోటార్‌హోమ్ ఒకటి వేపచెట్టు నీడ చూసుకుని ఆగిందనుకుందాం. మన దేశంలో ఇప్పుడు ఇలాంటి బండ్లు చాలావరకు ఫోర్స్ ట్రావెలర్ ఛాసిస్ మీద తయారవుతున్నాయి. బండి కంపెనీది, లోపలి ఇల్లు వేరే వర్క్‌షాపుది. బెంగళూరులోనూ చండీగఢ్ దగ్గరా ఈ పని చేసేవాళ్లున్నారు. సొంతానికి వాడుకునే క్యాంపర్ వాన్‌ను 2004 నవంబరు నాటి కేంద్ర నోటిఫికేషన్ రవాణాయేతర వాహనాల జాబితాలో చేర్చింది. అంటే చట్టం కూడా దీన్ని బాడుగ బండిగా కాక ఇంటి బండిగానే చూస్తోంది.

బండి ఆగిన అయిదు నిమిషాలకు చుట్టూ జనం చేరతారు. పిల్లలు టైర్లు చూస్తారు, కుర్రాళ్లు మైలేజీ అడుగుతారు. తలపాగా చుట్టుకున్న పెద్దాయన మాత్రం తలుపులోంచి తొంగిచూసి ఒక్కటే అడుగుతాడు: "నీళ్లెన్ని బిందెలు పడతాయప్పా దీంట్లో?"

రాయలసీమలో ఏ ఇంటినైనా కొలిచే ప్రశ్న అదే. జవాబు కోసం లోపలికి పోదాం.

పక్క తలుపు తీస్తే కిందికి జారే మెట్టు. ఎక్కగానే ఎదురుగా రెండు సీట్లు, మధ్యలో బల్ల. పగలు అది భోజనాల బల్ల. రాత్రి దాన్ని కిందికి దించి పైన మెత్తలు పరిస్తే ఇద్దరికి మంచం. డ్రైవరు సీటూ పక్క సీటూ వెనక్కి తిరిగేలా చేస్తే నలుగురు ఎదురెదురుగా కూర్చోవచ్చు. వెనక వైపు అడ్డంగా మరో మంచం, దాని కింద సామాన్ల గూడు. తల పైన అల్మారాలు. బండి కుదిపినా తలుపులు తెరుచుకోకుండా నొక్కితే గాని ఊడని గడియలు. వంట దగ్గర స్టీలు సింకు, ఇండక్షన్ పొయ్యి, చిన్న ఫ్రిజ్. ఒక్క వస్తువూ ఒక్క పనికే పరిమితం కాదు. కూర్చునేదే పడుకునేది, మెట్టు కిందిదే చెప్పుల గూడు. పల్లెటూరి ఒంటి మిద్దెలో పది మంది సర్దుకుని బతికిన ఇల్లాళ్లకు ఈ పొదుపు కొత్తగా ఏమీ తోచదు.

గోడల సంగతి వేరు. కర్నూలు ప్రాంతపు పాత మట్టి మిద్దెల గోడలు రెండడుగుల మందం ఉండేవి. పైన దూలాలు, వాటి మీద మట్టి. మే నెల ఎండ లోపలికి దిగేసరికి సాయంత్రమయ్యేది. మోటార్‌హోమ్ గోడలో రేకుకూ లోపలి ప్లైవుడ్‌కూ మధ్య ఉండేది మూడు నాలుగు సెంటీమీటర్ల ఫోమ్. ఊటీకీ కొడైకెనాల్‌కూ అది చాలు. నలభై రెండు, నలభై మూడు డిగ్రీల కర్నూలు ఎండకు చాలదు. పైకప్పు ఫ్యాను వేడిగాలిని బయటికి తోస్తుంది, పక్కనుంచి లాగే గుడ్డ పందిరి కాస్త నీడనిస్తుంది. చెట్టు లేకపోతే మధ్యాహ్నం రెండు గంటలకు ఆ బండిలో కూర్చోలేం.

ఏసీ ఉంది కదా అనవచ్చు. ఈ బండ్లలో పెట్టేది లిథియం బ్యాటరీ. రెండు వందల యాంపియర్ అవర్, పన్నెండు వోల్టుల బ్యాటరీ అంటే రమారమి రెండున్నర యూనిట్లు. ఒక టన్ను ఏసీ గంటకు దగ్గరదగ్గర ఒక యూనిట్ లాగుతుంది. రెండు గంటల చల్లదనం, ఆ తర్వాత కరెంటు ప్లగ్గో జనరేటరో కావాలి. దీపాలు, ఫ్యాను, ఫోన్లు, ఫ్రిజ్ వరకైతే పైకప్పు మీది నాలుగు వందల వాట్ల సోలార్ పలక హాయిగా నెట్టుకొస్తుంది. ఎండకు ఇక్కడ కొదవ లేదు. పాత కర్నూలు జిల్లాలోని గని, శకునాల ఊళ్ల దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు కట్టింది ఈ ఎండను నమ్ముకునే.

ఇక నీళ్లు. మంచం కిందో ఛాసిస్ పక్కనో మంచినీళ్ల ట్యాంకు. మామూలుగా వంద లీటర్లు, పెద్ద బండైతే నూట యాభై. పెద్దాయన లెక్కలో చెప్పాలంటే ఏడు నుంచి పది బిందెలు. ట్యాంకు పక్కన చిన్న పంపు, కుళాయి తిప్పితే గుర్రుమంటూ తిరుగుతుంది. వాడిన నీళ్లు వేరే ట్యాంకులోకి పోతాయి. పంపు శబ్దం వినబడినంత సేపూ ట్యాంకు ఖాళీ అవుతోందని తెలుస్తూనే ఉంటుంది. నగరంలో మనిషికి రోజుకు 135 లీటర్లు కావాలని ప్రణాళికా లెక్క. జల్ జీవన్ మిషన్ పల్లెటూరి మనిషికి పెట్టుకున్న లక్ష్యం 55 లీటర్లు. వంద లీటర్ల ట్యాంకుతో నలుగురు ఒక రోజు గడపాలంటే తలకు పాతిక. షవర్ కింద మూడు నిమిషాలు నిలబడితే ఆ వాటా చెల్లు. కోట్లు పెట్టి కొన్న బండైనా సరే, లోపల అడుగుపెట్టిన మరుక్షణం మనిషి కోడుమూరు ఎండాకాలం లెక్కలోకి దిగిపోవాల్సిందే.

చివరన అలమారంత గది, అదే స్నానాల గది, అదే మరుగుదొడ్డి. చాలా బండ్లలో క్యాసెట్ టాయిలెట్ ఉంటుంది. ఒక్కసారికి లీటరు లోపు నీళ్లు చాలు. కింద ఇరవై లీటర్ల లోపు పెట్టె, బయటి వైపు చిన్న తలుపు తీసి లాగితే సూట్‌కేసులా చేతికొస్తుంది. నలుగురున్న ఇంట్లో త్వరగానే నిండుతుంది. దాన్ని ఎక్కడ ఖాళీ చేయాలి? పెట్రోలు బంకు మరుగుదొడ్డిలోనా, లాడ్జిలోనా, ఎవరూ చూడని వంకలోనా? మోటార్‌హోమ్ అమ్మేవాళ్లు సోఫా తోలు గురించి, టీవీ సైజు గురించి ఎంతసేపైనా చెబుతారు. ఈ పెట్టె సంగతి అడిగితేనే చెబుతారు. నా మట్టుకు, కొనేవాళ్లు మొదట అడగాల్సింది దీని గురించే. మద్దికెర వైపు పొలాల్లో పుట్టి, కోడుమూరు పక్కనుంచి పారి, కర్నూలు దగ్గర తుంగభద్రలో కలిసే హంద్రీ ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకే. నీళ్లు లేనప్పుడు అందులో వేసిన మురికి ఎక్కడికీ పోదు. నీళ్లు వచ్చినప్పుడు ఎలా వస్తాయో 2009 అక్టోబరు మొదట్లో వరదలో మునిగిన కర్నూలు పట్టణం చూసింది. ఆ నదిని నమ్ముకునే గోనెగండ్ల మండలంలో గాజులదిన్నె ప్రాజెక్టు కట్టారు. కర్నూలు దగ్గరి పెద్దపాడులో పుట్టి ముఖ్యమంత్రి అయిన దామోదరం సంజీవయ్య పేరు ఆ జలాశయానికి పెట్టారు. ఇక్కడి తాగునీటికి అదొక పెద్ద దిక్కు.

తెలుగునేల మీద అన్నింటికంటే ఎక్కువ మంది కళ్లారా చూసిన చక్రాల ఇల్లు ఇప్పటిది కాదు. అది చైతన్యరథం. 1982 మార్చి 29న పార్టీ పెట్టిన ఎన్.టి. రామారావు పాత షెవర్లే వాహనాన్ని మార్పించుకుని ఎన్నికల ప్రచారానికి రాష్ట్రమంతా తిరిగారు. కొడుకు హరికృష్ణ స్టీరింగ్ పట్టారు. పైకప్పు ఎక్కి మాట్లాడటానికి వీలు, మైకులు, లైట్లు. నిద్ర బండిలోనే, తిండి బండిలోనే, స్నానం రోడ్డు పక్కన. ఆ ఎన్నికలప్పుడు ముఖ్యమంత్రిగా ఉన్నది కోట్ల విజయభాస్కర రెడ్డి. కోట్ల కుటుంబం ఊరు లద్దగిరి, ఈ కోడుమూరు మండలంలోదే. 1982 సెప్టెంబరు 20న గద్దెనెక్కిన ఆయన 1983 జనవరి 9న ఎన్టీఆర్‌కు చోటిచ్చి దిగారు. 1992లో మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు, 1994 డిసెంబరులో మళ్లీ ఎన్టీఆరే వచ్చారు. తన ఊరి మనిషిని దింపిన బండి అని కోడుమూరు దాన్ని గుర్తుపెట్టుకోవచ్చు.

ఆ రథం నాకు ముఖ్యంగా కనపడేది రాజకీయానికి కాదు. అందులో ఈనాటి బండిలోని సౌకర్యాల్లో పదో వంతు కూడా లేవు. అయినా అన్ని నెలలు నడిచింది. ఎందుకంటే నీళ్లు ఊళ్లు ఇచ్చాయి, నీడ చెట్లు ఇచ్చాయి, అన్నం ఎవరో ఒకరు తెచ్చారు. చక్రాల ఇంటికి ట్యాంకు ఎంత పెద్దదైనా అది రెండు రోజుల మాట. మూడో రోజు దాన్ని నిలబెట్టేది ఆగిన ఊరే.

ఈ దారిన ఏటా కదిలే ఇళ్లు ఇంకా ఉన్నాయి. వాటికి సోలార్ పలకలుండవు. వాన మొహం చాటేసిన ఏడు, పంట ఇంటికి రాకముందే కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, గోనెగండ్ల వైపు పల్లెలు సుగ్గికి, అంటే వలస కూలికి, కదులుతాయి. లారీలో జొన్న మూటలు, బియ్యం బస్తాలు, బిందెలు, కట్టెలు, దుప్పట్లు, ఆ పైన మనుషులు. గుంటూరు వైపు మిరప కోతలకు, తెలంగాణ పత్తి చేలకు పోతారు. చేని గట్టున పట్టా గుడిసె వేసుకుని, కోత అయినంత కాలం అందులోనే వండుకుని, అందులోనే పడుకుని, ఉగాదికి ఇల్లు చేరతారు. ఇంట్లో ముసలివాళ్లు మిగులుతారు, బడిలో పిల్లల పేర్లు మిగులుతాయి. పిల్లలు చదువు మానకూడదని సీజనల్ హాస్టళ్లు నడుపుతున్నారు గాని, లారీ ఎక్కే పిల్లలు ఇంకా ఉన్నారు. ఆ లారీ కూడా రాత్రి ఎక్కడో ఒకచోట ఆగాలి. ఆడవాళ్లు చీకటి కోసం కాచుకోవాలి. పసిపిల్లకు నీళ్లు కావాలి. మోటార్‌హోమ్ యజమాని వెతికే మూడు వస్తువులనే ఆ తల్లి కూడా వెతుకుతుంది. కుళాయి, నీడ, తలుపున్న మరుగుదొడ్డి.

తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి చేలకు వజ్రాలు ఏరడానికి ఎక్కడెక్కడి నుంచో వచ్చేవాళ్లదీ అదే అవసరం. చెట్ల కింద, గుడి వసారాల్లో, తెచ్చుకున్న బండ్లలో తలదాచుకుంటారు.

దారి మీద మంచినీళ్లు లేకపోతే ఏమవుతుందో పత్తికొండ చెబుతుంది. నిజాము ఈ జిల్లాలను కుంపిణీకి వదిలేసిన 1800లో థామస్ మన్రో ఇక్కడికి ప్రధాన కలెక్టరుగా వచ్చి, 1807 దాకా ఎక్కువగా డేరాల్లోనే ఉంటూ ఊరూరా తిరిగి శిస్తు నిర్ణయించాడు. తర్వాత మద్రాసు గవర్నరయ్యాడు. ఇంగ్లండుకు తిరిగిపోయే ముందు తనకిష్టమైన ఈ సీమను మరోసారి చూడాలని వచ్చి, విడిదిలో కలరా సోకి 1827 జూలై 6న పత్తికొండలో చనిపోయాడు. ఎంత పరివారం ఉన్నా, ఎన్ని డేరాలున్నా కలరా ఆగలేదు. ఆయన జ్ఞాపకంగా ప్రభుత్వం పత్తికొండలో తోపు వేయించి మెట్ల బావి కట్టించింది. విగ్రహం మద్రాసులో ఉంది. నన్నడిగితే పత్తికొండ బావే గొప్పది, దారిన పోయేవాడికి పనికొచ్చింది అది.

రాష్ట్ర పర్యాటక శాఖ కారవాన్ పర్యటనల గురించి మాట్లాడుతున్న రోజులివి. కేరళ 2021లో కారవాన్ విధానం ప్రకటించి, మరుసటి ఏడాదే వాగమన్‌లో తొలి కారవాన్ పార్కు తెరిచింది. మన దగ్గర చూడదగ్గ చోట్లకు కరువు లేదు. కర్నూలులో కొండారెడ్డి బురుజు, ఓర్వకల్లు రాళ్లు, యాగంటి, బెలుం గుహలు, ఇటు ఆదోని కోట, మంత్రాలయం, అశోకుడి శాసనాలున్న ఎర్రగుడి. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈ దారులు హాయిగా ఉంటాయి. కానీ పార్కు అనగానే గోడ, గేటు, టికెట్టు గుర్తొస్తాయి. వాగమన్ వాతావరణానికి సరిపోయింది ఇక్కడ సరిపోదు. ఇక్కడ కట్టాల్సింది అందరూ ఆగగలిగే దారి విడిది.

కోడుమూరుకు నేను కోరేది ఇది. ఊరి అంచున రోడ్డు పక్కన అరెకరం. వేప, కానుగ మొక్కలు ఇప్పుడే నాటితే ఐదేళ్లకు నీడ. పది బండ్లు ఆగేంత చదును చేసిన నేల, రెండు విద్యుత్ ప్లగ్గులు, మీటరు పెట్టి డబ్బు తీసుకోవాలి. ఆడవాళ్లకూ మగవాళ్లకూ వేరువేరు మరుగుదొడ్లు, లోపల గడియతో, రాత్రంతా దీపంతో. క్యాసెట్ పెట్టెలు ఖాళీ చేసే గుంత సెప్టిక్ ట్యాంకుకు కలవాలి, హంద్రీకి కాదు. మోటార్‌హోమ్ యజమాని ఒక రాత్రికి కట్టే రుసుముతో ఆ మరుగుదొడ్లు శుభ్రం చేసే మనిషికి జీతమివ్వాలి. సుగ్గి లారీకి రుసుము ఉండకూడదు. నీళ్ల కుళాయి బిందె పట్టేంత ఎత్తులో ఉండాలి, దాని మూతికి పైపు బిగించే మర కూడా ఉండాలి. దసరా తర్వాత లారీలు కదలడం మొదలవుతుంది కాబట్టి, పని ఈ ఎండాకాలంలోనే మొదలు కావాలి.