తామరకు భయపడి రాగిసంగటి మానాలా?

గుంతకల్లు లాంటి ఊళ్లో ఎండాకాలం వస్తే రెండు బాధలు తప్పవు. ఒకటి చెమట, రెండోది నీళ్ల ఎద్దడి. ఈ రెండూ కలిసినచోట తామర కూడా వచ్చి చేరుతుంది. గజ్జల్లో, నడుం చుట్టూ గుండ్రటి ఎర్రమచ్చ లేచి, దురదతో నిద్ర పట్టనివ్వదు. రోజంతా మందపాటి బట్టల్లో చెమటోడ్చి పనిచేసే ఇంటాయనకు మొదలై, ఇల్లాలికీ పిల్లలకూ పాకుతుంది.

తామరకు కారణం శిలీంధ్రం, అంటే బూజు జాతి సూక్ష్మజీవి. ఇలాంటి జీవుల కణాల పైపొరలో కాల్షియం లోపలికి వచ్చే సన్నని ద్వారాలుంటాయి. మామూలప్పుడు కణం లోపల కాల్షియం బయటికన్నా వేలరెట్లు తక్కువ. మందు తగిలినా, వేడి తగిలినా ఆ ద్వారాలు తెరుచుకుంటాయి. లోపలికి దూకిన కాల్షియం ప్రమాద ఘంటలా పనిచేసి, 'కాల్సిన్యూరిన్' అనే ఎంజైమును మేల్కొలుపుతుంది. దెబ్బతిన్న గోడను కణం బాగుచేసుకుంటుంది. నోటిపూత తెచ్చే కాండిడాలోనూ, మెదడు పొరల వాపు తెచ్చే క్రిప్టోకాకస్‌లోనూ శాస్త్రజ్ఞులు ఈ ఏర్పాటును బాగా పరిశీలించారు. కాల్సిన్యూరిన్‌ను అడ్డుకుంటే, ఫ్లుకొనజోల్ వంటి మందుకు పెరుగుదల మాత్రమే ఆగే కాండిడా చచ్చిపోతుందని ప్రయోగశాలల్లో తేలింది.

"అయితే పాలూ, రాగిసంగటీ మానేస్తే సరి!" అని ఎవరికైనా తోచవచ్చు. పొరపాటు. రక్తంలో కాల్షియం ఎప్పుడూ 100 మిల్లీలీటర్లకు సుమారు 8.5 నుంచి 10.5 మిల్లీగ్రాముల మధ్యే ఉండేలా శరీరం చూసుకుంటుంది. తిండిలో తగ్గితే ఎముకల్లోంచి తీసుకుంటుంది. బాలింత సంగటి మానేస్తే నష్టం తామరకు కాదు, ఆమె ఎముకలకు. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది. నిశ్చింతగా తినండి.

మరి అత్తగారి రక్తపోటు మాత్ర ఆమ్లోడిపిన్ కూడా కాల్షియం ద్వారాలను మూసేదే కదా? నిజమే, కాని అది మన రక్తనాళాల కోసం. తామరకు చికిత్స కాదు. సొంతంగా మింగితే రక్తపోటు పడిపోయి కళ్లు తిరగవచ్చు. కాల్సిన్యూరిన్‌ను అణచే టాక్రోలిమస్ మూత్రపిండం మార్పిడి చేయించుకున్నవారికి ఇచ్చే మందు. అది మన రోగనిరోధక శక్తినే తగ్గిస్తుంది. శిలీంధ్రాన్ని మాత్రమే దెబ్బతీసి మనల్ని వదిలేసే మందు కోసం పరిశోధన సాగుతోంది.

అందాకా చేయవలసినవి ఇవి. మందుల షాపులో అడిగి తెచ్చిన ట్యూబు మీద బెటామెథసోన్, క్లోబెటసాల్ అనే పేర్లుంటే తామరకు పూయకండి. అవి స్టిరాయిడ్లు. నాలుగు రోజుల్లో దురద తగ్గినట్టుంటుంది, లోలోపల తామర పాకుతుంది, చర్మం పలచబడుతుంది. దురద పోగానే మందు ఆపకండి. డాక్టరు చెప్పినన్ని వారాలూ వాడాలి. టెర్బినాఫిన్‌కు తరచుగా లొంగని తామర రకం ఒకటి మన దేశంలో వ్యాపించింది. 2020లో దానికి ఇండోటినియే అని పేరుపెట్టారు. కనుక మొండి తామరను చర్మవైద్యునికి చూపించాలి, మధుమేహం పరీక్ష కూడా చేయించుకోవాలి.

నీళ్లు తక్కువైనా ఎవరి తువ్వాలు వారిదే. లోదుస్తులు రోజూ ఉతికి ఎండలో ఆరేయండి. స్నానం తర్వాత మడతల్లో తడి లేకుండా తుడుచుకోండి. ఇంట్లో ఎందరికుంటే అందరికీ ఒకేసారి మందు వాడించండి. లేకపోతే ఒకరికి తగ్గినది మరొకరి నుంచి మళ్లీ అంటుకుంటుంది.