నల్లతెర విశేషాలు
లినక్స్‌లోనో మ్యాక్‌లోనో మొదటిసారి టెర్మినల్ తెరిచినవాళ్లకు ముందుగా వచ్చే అనుమానం: ఈ కమాండ్లు ఇంత పొట్టిగా, నోరు తిరగకుండా ఉన్నాయేమిటని. ఫైళ్ల జాబితాకు ఎల్‌ఎస్, నకలుకు సీపీ, పేరు మార్చాలన్నా చోటు మార్చాలన్నా ఎంవీ. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో లినక్స్, మ్యాక్‌ల పూర్వీకుడైన యూనిక్స్ పుట్టిన రోజుల్లో టైపు కొట్టింది టెలిటైప్ మోడల్ 33 మీద. మీటలు గట్టిగా నొక్కాలి. జవాబు సెకనుకు 10 అక్షరాల చొప్పున కాగితం మీద టకటకా అచ్చయ్యేది. అక్షరం తగ్గితే వేలికి సుఖం, కాగితానికి ఆదా.

పని సవ్యంగా జరిగితే సీపీ, ఎంవీ లాంటి కమాండ్ కిమ్మనదు. ఏమీ రాలేదేమిటని కొత్తవాళ్లు అదే కమాండ్ మళ్లీ కొడతారు. అక్కర్లేదు, తేడా వస్తేనే అది నోరు విప్పుతుంది.

1969లో, యూనిక్స్ సృష్టికర్తల్లో ఒకరైన కెన్ థామ్సన్ భార్య ఏడాది బిడ్డను తీసుకుని మూడు వారాలు కాలిఫోర్నియాలోని బంధువుల ఇంటికి వెళ్లారు. ఆ మూడు వారాల్లో ఆయన పీడీపీ-7 అనే చిన్న కంప్యూటర్ మీద వారానికొకటిగా ఎడిటర్, అసెంబ్లర్, కెర్నల్ రాసేశారు. యూనిక్స్ చరిత్రలో ఆమెకూ ఒక పేజీ దక్కాలి.

పేరుకు ముందు చుక్క ఉన్న ఫైళ్లు ఎల్‌ఎస్‌కు కనిపించవు. ఇది ఎవరూ ఆలోచించి పెట్టిన సదుపాయం కాదని బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన రాబ్ పైక్ చెప్పారు. ఉన్న ఫోల్డర్‌కూ, దాని పై ఫోల్డర్‌కూ గుర్తులైన ఒంటి చుక్క, జంట చుక్క అనే రెండు పేర్లను జాబితాలోంచి తప్పించాలనుకున్నవారు, పేరంతా చూడకుండా మొదటి అక్షరం చుక్కేనా అని మాత్రం చూసి ఊరుకున్నారు. ఆనాటి బద్ధకం ఇవాళ ప్రతి హోమ్ ఫోల్డర్‌లోనూ దాక్కుని ఉంది.

హోమ్ ఫోల్డర్‌కు టిల్డా గుర్తు ఎందుకంటే, ఆనాటి ఏడీఎం-3ఏ టెర్మినల్ యంత్రంలో ఆ గుర్తు, హోమ్ అన్న మాట ఒకే మీట మీద ఉండేవి. హెచ్, జె, కె, ఎల్ మీటల మీద బాణాలు ఉండేవి. బర్క్‌లీలో బిల్ జాయ్ వీఐ ఎడిటర్ రాసింది దాని మీదే కాబట్టి, వీఐలో కర్సర్ నేటికీ ఆ నాలుగక్షరాలతో కదులుతుంది.

తోటకు నీళ్లు పెట్టే గొట్టాల్లా ప్రోగ్రాములను ఒకదానికొకటి తగిలించుకోవాలని బెల్ ల్యాబ్స్‌కే చెందిన డగ్ మెక్‌ఇల్‌రాయ్ 1964లోనే రాశారు. 1973లో థామ్సన్ ఒక్క రాత్రిలో ఆ పని చేసి పెట్టారు. అదే పైపు, నిలువు గీత.

దాన్ని తెలుగుతోనే పరీక్షించండి. ఎకో కమాండ్‌కు ‘తెలుగు’ అన్న మాట ఇచ్చి, నిలువు గీత పెట్టి, బైట్లు లెక్కపెట్టే డబ్ల్యూసీ -సీ కొట్టండి. 19 అని వస్తుంది! మన కంటికి మూడే అక్షరాలు. కంప్యూటర్‌కు త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము, మొత్తం ఆరు. యూటీఎఫ్-8 అనే అక్షర సంకేత పద్ధతిలో ఒక్కోదానికి 3 బైట్లు, వెరసి 18. మిగిలిన ఒక్కటీ ఎకో చివర్న చేర్చే కొత్త పంక్తి గుర్తు. అక్షరాలను లెక్కపెట్టే డబ్ల్యూసీ -ఎం అని అడిగితే 7 అంటుంది. ఈ యూటీఎఫ్-8 కూడా థామ్సన్, పైక్‌లదే. 1992 సెప్టెంబరులో న్యూజెర్సీలోని ఒక డైనర్‌లో భోజనానికి కూర్చుని, కంచం కింద పరిచే కాగితం మీద గీశారు. మన వాట్సాప్ కబుర్లలోని తెలుగంతా ఆ లెక్క ప్రకారమే ప్రయాణిస్తోంది.

ఫైళ్లను చెరిపేసే ఆర్‌ఎంతో జాగ్రత్త. చెత్తబుట్ట లేదు, తీసేస్తే పోయినట్టే.

అడ్మిన్ హోదాలో పని చేయించే సూడో అడిగినప్పుడు పాస్‌వర్డ్ కొడుతుంటే చాలాచోట్ల చుక్కలు కూడా పడవు. కీబోర్డు పాడవలేదు, అక్షరాల సంఖ్య కూడా పక్కవాళ్లకు తెలియకూడదని అలా పెట్టారు. థామ్సన్ సొంత పాస్‌వర్డ్ మాత్రం, పాత బీఎస్‌డీ యూనిక్స్ ఫైల్లో గూఢలిపి రూపంలో మిగిలిపోయి, 2019లో బయటపడింది: పీ/క్యూ2-క్యూ4! పాత పద్ధతిలో రాసిన చదరంగపు తొలి ఎత్తు అది. మంత్రి ముందున్న బంటును రెండు గళ్లు జరపడం. ఛేదించినవారికి ఆయన అభినందనలు తెలిపారు.